పటన్‌గఢ్ గోడ నుంచి పారిస్ దాకా: ఒక ప్రధాన్ బాల్యం, మన బొగ్గు నేల

1989 మే 18న పారిస్ నగరంలో ఒక పెద్ద చిత్రకళా ప్రదర్శన మొదలైంది. దాని పేరు తెలుగులో చెప్పుకుంటే 'భూమి మీది మాంత్రికులు'. పాంపిడూ సెంటర్‌లోనూ, ఒకప్పుడు పశువుల సంత జరిగిన లా విలెట్ భవనంలోనూ ఆగస్టు 14 దాకా ఆ ప్రదర్శన సాగింది. వందమందికి పైగా కళాకారులు పాల్గొన్నారు. దాదాపు సగం మంది యూరప్, అమెరికాల్లో పేరు మోసినవాళ్లు. మిగిలినవాళ్లు ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ప్రాంతాలవాళ్లు. ఆ రెండో వరుసలో ఒక ఆదివాసీ యువకుడు ఉన్నాడు. చిన్నప్పుడు పశువులు కాసినవాడు. పేదరికం వల్ల చదువు మధ్యలోనే ఆగిపోయినవాడు. ఆయన పేరు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్ ఊరి ప్రధాన్ బిడ్డ. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆయన బొమ్మల్లో దుప్పి కొమ్ములు పెరిగి పెరిగి చెట్టవుతాయి. ఆ చెట్టు మీద పిట్టలు వాలతాయి. పులి ఒళ్లంతా చుక్కలు, గీతలు అలల్లా పారుతుంటాయి. రాయిగా, చెట్టుగా తప్ప ఎవరూ ఎరగని దేవతలు కళ్లతో, చేతులతో మన ఎదురుగా నిలబడతారు. ఇవన్నీ ఆయన చిన్నతనంలో విన్నవి, చూసినవి, భయపడినవి, మొక్కినవి. వాటిని చూసినవాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే 'అద్భుతమైన కల్పన' అన్నారు, 'ఊహాలోకం' అన్నారు.

ఆ మాట సరైనదేనా? బొగ్గు గనుల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు జన్‌గఢ్ కథ ఎందుకు తెలియాలి? ఈ వ్యాసంలో ఈ రెండు ప్రశ్నలు వేసుకుందాం.

ఆయన మనకు ఏమవుతాడు?

పటన్‌గఢ్ నర్మదా నది ఎగువన, ఒకప్పటి మండ్లా జిల్లాలో, ఇప్పటి డిండోరి జిల్లాలో ఉంది. మన గోదావరిఖనికి అది చాలా దూరం. అయినా ఆ ఊరి ప్రధాన్లకూ మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల ప్రధాన్లకూ పని ఒక్కటే. గోండుల వంశాల కథలు, దేవుళ్ల కథలు, రాజుల కథలు గుండెలో దాచుకుని, తంతివాద్యం మీద పాడి వినిపించడం. మన దగ్గర ఆ వాద్యాన్ని కీక్రి అంటారు. నర్మద ఒడ్డున బానా అంటారు. అక్కడ బడాదేవ్, ఇక్కడ పెర్సపేన్. రెండు పేర్లకూ పెద్ద దేవుడనే అర్థం. ఆ దేవుడుండే చెట్టు మనం రోజూ చూసే నల్లమద్ది.

గోండులకు లిఖిత చరిత్ర లేదని చాలాకాలం రాశారు. కానీ ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో ప్రధాన్ల ఇళ్లలోనే గోండీ లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ గుంజాల గోండీ లిపికి కంప్యూటర్ల యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రధాన్లు పాటతోనే కాదు, రాతతోనూ మన చరిత్రను కాపాడారు. జన్‌గఢ్ దానికి మూడో దారి కలిపాడు. అది బొమ్మ.

రెండు ప్రాంతాల చరిత్రలో ఇంకో పోలిక ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలుపెట్టించాడు. ఉపాధ్యాయులమైన మనకు మార్లవాయి అందుకే పెద్ద ఊరు. సరిగ్గా ఆ కాలంలోనే వెరియర్ ఎల్విన్ పటన్‌గఢ్‌లో నివాసం ఉన్నాడు. ఆయన మిత్రుడు శ్యామ్‌రావ్ హివాలే ఆ ప్రాంతపు ప్రధాన్ల మీద రాసిన పుస్తకం 1946లో అచ్చయింది. ఇద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్లే. మన గురించి రాశారు, మేలు చేశారు. అయితే మనవాళ్లే తమ కథను ప్రపంచం ముందు పెట్టే రోజు ఇంకా రాలేదు. అది రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

మట్టి గోడ, మొదటి పలక

పటన్‌గఢ్‌లో జన్‌గఢ్ 1960 తర్వాతి ఒకటి రెండేళ్లలో పుట్టాడు. ఆ ఊరి ఇళ్లకు మట్టి గోడలు. పండగకూ పెళ్లికీ ఆడవాళ్లు గోడలు అలికి, రంగు మట్టితో గీతలు, ముగ్గులు వేసేవాళ్లు. తడి మట్టితో పిట్టలనూ జంతువులనూ గోడ మీద ఉబ్బెత్తుగా దిద్దేవాళ్లు. ఎర్రమట్టి, తెల్లసుద్ద, బొగ్గు, ఆకు పసరు ఆ ఊరి రంగులు. మన గూడేల్లో ఇప్పటికీ పెద్దవాళ్లకు ఈ పని తెలుసు. జన్‌గఢ్ చెయ్యి తిరిగింది ఆ గోడల మీదే.

అయితే ఒక తేడా గమనించాలి. ప్రధాన్లు దేవుళ్ల కథలు పాడేవాళ్లు తప్ప దేవుళ్ల బొమ్మలు గీసేవాళ్లు కాదు. దేవుడు మద్దిచెట్టులో ఉంటాడు, గట్టు మీది రాతిలో ఉంటాడు, బానా మోగితే లేచి వస్తాడు. ఆయనకు ముక్కూ ముఖమూ దిద్దాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కాబట్టి జన్‌గఢ్ తర్వాత గీసిన దేవతలు తాతలు గీసిన బొమ్మలకు నకళ్లు కావు. చిన్నప్పుడు పాటలో విన్నదాన్ని ఆయన కంటితో చూసి, మొట్టమొదటిసారి కాగితం మీద నిలబెట్టాడు. 'గోండు చిత్రకళ వేల ఏళ్లనాటిది' అని అమ్మకాల కరపత్రాల్లో రాస్తుంటారు. కథ పాతది, గోడ పాతది. కాగితం మీది ఈ చిత్రకళ మాత్రం మన కాలంలో, మనవాడొకడు కనిపెట్టినది. ఈ తేడా మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఎందుకంటే ఆదివాసీ అంటే పాతదాన్ని మోసుకుని తిరిగేవాడు మాత్రమే అనే అభిప్రాయం లోకంలో గట్టిగా ఉంది. కొత్తది సృష్టించేవాడిగా మనల్ని చూడరు. జన్‌గఢ్ కొత్తది సృష్టించాడు.

భోపాల్‌లో ఏం జరిగింది?

1980 తర్వాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కట్టింది. అందులోని చిత్రకళా విభాగం పేరు రూపంకర్. దాని బాధ్యత ప్రముఖ చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ తీసుకున్నాడు. ఆయన యువ కళాకారులను జట్లుగా చేసి ఆదివాసీ ఊళ్లకు పంపాడు. అలా 1981లో పటన్‌గఢ్ చేరిన జట్టుకు ఒక ఇంటి గోడ మీద హనుమంతుడి బొమ్మ కనబడింది. గీసింది ఎవరని అడిగితే ఊళ్లోవాళ్లు జన్‌గఢ్‌ను చూపించారు. ఇరవై ఏళ్ల ఆ పిల్లవాడు భోపాల్ చేరాడు.

అక్కడ ఆయన చేతికి మొదటిసారి పోస్టర్ రంగులు, మంచి కాగితం, కుంచె అందాయి. ఆ మెరిసే రంగుల్లో కుంచె ముంచినప్పుడు ఒళ్లు వణికిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. భారత్ భవన్ ముద్రణ విభాగంలో ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. అచ్చు బొమ్మలు తీయడం, సిరాతో గీయడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు.

1982 ఫిబ్రవరి 13న భారత్ భవన్ ప్రారంభమైంది. రూపంకర్‌లో స్వామినాథన్ ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నాడు. కళాశాలలో చదివిన నగర చిత్రకారుల పనినీ, ఊళ్ల నుంచి వచ్చిన ఆదివాసీల పనినీ ఒకే మ్యూజియంలో ఒకే గౌరవంతో చూపించాడు. అంతకు ముందు ఆదివాసీ బొమ్మలు ఎక్కడుండేవి? హస్తకళల దుకాణంలో బుట్టల పక్కన, లేదా మానవశాస్త్ర మ్యూజియంలో బాణాల పక్కన. గీసినవాడి పేరు ఉండేది కాదు. 'మండ్లా గోండులు' అనో 'బస్తర్ మురియాలు' అనో తెగ పేరు మాత్రం రాసేవాళ్లు. రూపంకర్‌లో మనిషి పేరు వచ్చింది. జన్‌గఢ్ కూడా తన బొమ్మల మీద తన పేరు తానే రాసుకునేవాడు. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. భోపాల్‌లో కొత్తగా కట్టిన శాసనసభ భవనం గోడల మీద కూడా ఆయన బొమ్మలు వేశాడు. ఊరి మట్టిగోడ మీద గీసిన చెయ్యే రాష్ట్ర శాసనసభ గోడ మీదా గీసింది.

ఆయన ఒక్కడే ఎదగలేదు. తమ్ముళ్లను, మేనల్లుళ్లను, బంధువులను భోపాల్ పిలిపించుకుని ఇంట్లో పెట్టుకుని పని నేర్పాడు. భార్య నన్‌కుసియా కూడా చిత్రకారిణి అయింది. ఒక్కొక్కరు తమ గీతకు ఒక్కో తీరు వెతుక్కున్నారు. ఒకరు చుక్కలతో నింపితే ఇంకొకరు చేప పొలుసులతో, మరొకరు విత్తనాల ఆకారంతో నింపారు. ఈ మొత్తాన్నీ ఇవాళ 'జన్‌గఢ్ కలమ్' అంటున్నారు. ఒక మనిషి పేరు ఒక చిత్రకళా సంప్రదాయానికి పేరయింది.

అది ఊహాలోకమేనా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పారిస్ ప్రదర్శన మీద అప్పుడే పెద్ద చర్చ జరిగింది. అన్ని ఖండాలవాళ్లనూ ఒకే చోటికి తెచ్చినందుకు కొందరు మెచ్చుకున్నారు. కళాకారులను 'మాంత్రికులు' అనడం ఏమిటని కొందరు నిలదీశారు. మన వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనది. మన బొమ్మను మంత్రం అంటే, అందులో ఆలోచన లేదని, శ్రమ లేదని, చరిత్ర లేదని అర్థం వచ్చే ప్రమాదం ఉంది.

కొమ్ములు చెట్టయిన దుప్పిని తీసుకోండి. నగరంలో పెరిగినవాడికి అది వింత కల. అడవిలో పశువులు కాసిన పిల్లవాడికి అది కంటికి కనిపించిన సంగతి. పొద్దు గుంకేవేళ పొదల వెనుక నిలబడిన దుప్పిని చూసినవాళ్లకు కొమ్మ ఎక్కడ ముగుస్తుందో కొమ్ము ఎక్కడ మొదలవుతుందో తెలియదు. దాని వెనుక ఒక ఆలోచన కూడా ఉంది. చెట్టు లేనిదే దుప్పి లేదు, దుప్పి లేనిదే పులి లేదు. వీటిని విడివిడిగా గీస్తే అబద్ధమవుతుంది. కలిపి గీస్తేనే నిజం.

ఆ చుక్కలకూ మూలం ఉంది. మన అవ్వల చేతుల మీద, కాళ్ల మీద పచ్చబొట్లు చూడండి. పొడిచిన ప్రతి చుక్కకూ ఒక వరస, ఒక లెక్క ఉంటాయి. చనిపోయాక మనతో వచ్చే నగ పచ్చబొట్టు ఒక్కటేనని పెద్దలంటారు. ఆ చుక్కలే జన్‌గఢ్ కాగితం మీదికి వచ్చాయి.

కాబట్టి గ్యాలరీలో 'ఊహ' అని రాసిన చోట మనం 'జ్ఞాపకం' అని చదువుకోవాలి. ఇది ఒక మనిషి బాల్యమే కాదు. ఆ మనిషికి కథ చెప్పిన తాత బాల్యం, ఆ తాతకు చెప్పినవాళ్ల బాల్యం కూడా అందులో ఉన్నాయి. రాజుల శాసనాలు రాతి మీద ఉన్నట్టు, మన చరిత్ర కథల్లో ఉంది. దాన్ని చదవడం రానివాళ్లకే అది కల్పనగా కనబడుతుంది.

వానపాము, సొరంగ రైలు, మన బాయి

నర్మద ఒడ్డు ప్రధాన్లు చెప్పే సృష్టి కథ ఒకటుంది. మొదట అంతా నీళ్లే. తామరాకు మీద కూర్చున్న బడాదేవ్ తన ఒంటి మట్టిని నలిచి కాకిని చేసి, నేలను వెతకమని పంపాడు. కాకి ఎగిరి ఎగిరి అలసిపోయి ఒక ఎండ్రకాయ డెక్క మీద వాలింది. ఎండ్రకాయ దాన్ని నీటి అడుక్కు తీసుకుపోయింది. అక్కడ భూమినంతా మింగి కూర్చున్న వానపాము దొరికింది. ఎండ్రకాయ దాని గొంతు నొక్కితే మట్టి కక్కింది. సాలీడు నీటి మీద వల అల్లితే, దాని మీద ఆ మట్టిని పరిచారు. అదే మనం నిలబడ్డ నేల. మట్టిని తిని మట్టిని ఇచ్చే వానపాము రైతుకు మిత్రమని మనం ఇవాళ సైన్సు పాఠంలో చెబుతున్నాం. కథ ఆ మాట ఎప్పుడో చెప్పింది.

జన్‌గఢ్ మేనల్లుడు భజ్జు శ్యామ్ 1971లో అదే ఊళ్లో పుట్టాడు. భోపాల్ వచ్చి రాత్రి కాపలాదారుగా, కరెంటు పనివాడిగా బతికాడు. తర్వాత మామ దగ్గర కుంచె పట్టాడు. లండన్‌లో ఒక భారతీయ హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి పిలిస్తే వెళ్లి రెండు నెలలు అక్కడ ఉన్నాడు. తిరిగి వచ్చి తాను చూసిన లండన్‌ను బొమ్మలుగా గీశాడు. అవి 2004లో పుస్తకంగా వచ్చాయి. ఆ బొమ్మల్లో లండన్ గడియార స్తంభం కోడిపుంజుతో కలిసిపోయింది, ఎందుకంటే మనకు పొద్దు చెప్పేది కోడి. ఎర్ర బస్సు నమ్మకమైన కుక్క అయింది. విమానం ఎగిరే ఏనుగయింది. నేల కింద పోయే రైలు వానపాము అయింది. నేల అడుగు రాజ్యం వానపాముది కదా!

ఒకప్పుడు తెల్లవాళ్లు వచ్చి మన ఊళ్లను చూసి వింతలు రాసుకున్నారు. ఇప్పుడు మన మనిషి వాళ్ల ఊరికి పోయి, మన కథల కళ్లతో వాళ్లను చూశాడు. భజ్జు శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. అదే ప్రధాన్ కుటుంబాల నుంచి వచ్చిన దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆమె, భర్త సుభాష్ వ్యామ్ కలిసి అంబేడ్కర్ జీవితాన్ని బొమ్మల పుస్తకంగా గీశారు. బడిలో దాహానికి నీళ్లివ్వని ఆ బాల్యాన్ని మన గీతల్లో చూడవచ్చు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. గోదావరిఖని పిల్లలకు నేల కింది లోకం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల తాతలు, తండ్రులు క్యాప్ ల్యాంపు పెట్టుకుని బాయి దిగినవాళ్లు. వానపాము సొరంగం అంటే ఏమిటో వాళ్లకు ఇంక్లైన్ చెబుతుంది. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ తేదీలు మన పిల్లలకు తెలుసు, సింగరేణి దినోత్సవం నాడు వింటారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది.

ఈ బొగ్గుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా బొగ్గు. గోండ్వానా అంటే గోండుల నేల. 1870ల్లో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త మెడ్లికాట్ మధ్య భారతంలోని రాతి పొరలకు ఆ పేరు వాడాడు. తర్వాత ఐరోపా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని ఒక మహాఖండానికి పెట్టాడు. భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు కలిసి ఉన్న ఆ ఖండాన్ని ప్రపంచంలోని ప్రతి బడిలో గోండుల పేరుతోనే పిలుస్తారు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆ అడవే మన బాయిలో బొగ్గయింది. బొగ్గు పొరల పక్కన రాతి పలకల మీద అచ్చు గుద్దినట్టున్న ఆకుల ముద్రలు దొరుకుతాయి. ఆ ఆకు పేరు గ్లోసోప్టెరిస్.

ఇదే ప్రాణహిత, గోదావరి లోయలో, ఒకనాటి ఆదిలాబాద్ జిల్లాలో కోటసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు తవ్వితీశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉంది. చెట్టంత మెడ, ఇంటంత ఒళ్లు. ఎవరైనా పిల్లవాడు దాన్ని ముందే గీసి ఉంటే ఊహాలోకం అనేవాళ్లు కాదా?

పేరు మనది, ధర ఎవరిది?

జన్‌గఢ్ కథలో చేదు కూడా ఉంది. దాన్ని దాచి పిల్లలకు సగం కథ చెప్పకూడదు. ఆయన జపాన్‌లోని ఒక మ్యూజియంలో ఉండి బొమ్మలు వేయడానికి ఒప్పుకుని వెళ్లేవాడు. 2001 జులై 3న అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. ఇంటికి అంత దూరంలో, నెల జీతానికి బొమ్మలు గీస్తూ ఆయన ఏం అనుభవించాడని దేశంలోని చిత్రకారులు, రచయితలు ప్రశ్నించారు. 2010లో న్యూయార్క్ వేలంలో ఆయన 1988లో గీసిన సాలీడు చిత్రం 31,250 డాలర్లకు అమ్ముడైంది. వేలం పాట నాటికి ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

బొగ్గు నేలలో బతికే మనకు ఈ లెక్క కొత్త కాదు. నేల పేరు గోండ్వానా. గనుల కోసం లేచిపోయిన ఊళ్లలో మన గూడేలున్నాయి. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల కింద మన మద్దిచెట్లు, మన దేవర గద్దెలు పోయాయి. బొగ్గు రైలెక్కి వెళ్లింది, కరెంటు తీగెక్కి వెళ్లింది. మనకు పేరు మిగిలింది. అందుకే ఒక బొమ్మ గీసిన చెయ్యికి పేరూ ధరా గౌరవమూ అన్నీ దక్కాలని మనం గట్టిగా అడగాలి. 2023లో మధ్యప్రదేశ్ గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. యంత్రాలతో నకళ్లు అచ్చేసి 'గోండు ఆర్ట్' అని అమ్మేవాళ్లను అడ్డుకోవడానికి అది ఒక ఆధారం. ఆ ఆధారాన్ని వాడుకోవడం మాత్రం చదువుకున్న మన యువత పని.

మన దగ్గర ఏముంది?

'అది మధ్యప్రదేశ్ సంగతి, మనకేముంది' అని యువకులు అడుగుతుంటారు. మనకు చాలా ఉంది. కోయల పడిగె ఉంది. బట్ట మీద వంశం కథను బొమ్మలుగా తీర్చి, డోలి కోయలు దాన్ని ముందు పెట్టుకుని కథ పాడతారు. సింగరేణి గనులున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య అలా కథ పాడిన డోలి కోయ. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నాయకపోడ్లకు లక్ష్మీదేవర, పాండవుల చెక్క ముఖాలున్నాయి. వాటికి రంగులు దిద్దే చేతులున్నాయి. గోండు, కొలాం ఇళ్లలో గోడ గీతలున్నాయి. వీటిలో ప్రతిదీ ఒక జన్‌గఢ్ కోసం ఎదురుచూస్తున్న గోడే.

అయితే మన బళ్లలో పిల్లవాడికి కాగితమిచ్చి బొమ్మ గీయమంటే ఏం గీస్తాడు? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. రామగుండం చుట్టుపక్కల అడవిలో కొబ్బరిచెట్టు ఎక్కడిది? మనది ఇప్ప, మద్ది, తునికి, మోదుగ. మన పిల్లల కిటికీలోంచి కనిపించే కొండ మట్టి కుప్పలతో పెరిగిన గుట్ట. ఆకాశంలో కనిపించేది కరెంటు ప్లాంటు పొగగొట్టం. ఎవరో గీసిన కొబ్బరిచెట్టు మన పిల్లల చేతుల్లో తిష్ట వేసింది, ఇంటి చెట్టుకు చోటు లేకుండా పోయింది. ఊహాలోకమని దేన్నైనా అనాలంటే ఆ కొబ్బరిచెట్టునే అనాలి.

తోటి ఉపాధ్యాయులకు మేం చెప్పేది కొంచెమే. బొమ్మ గీయించే ముందు పిల్లలను ఇంటికి పంపి, అవ్వనో తాతనో ఒక కథ అడిగి రమ్మనండి. తాత బాయిలో పనిచేసినవాడైతే బాయి కథే తేనివ్వండి. గీసిన బొమ్మ కింద మూడు పేర్లు రాయించండి: గీసిన పిల్లవాడి పేరు, కథ చెప్పినవాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు. ఆ ఊరు ఇప్పుడు లేకపోయినా రాయించండి. లేని ఊళ్ల పేర్లు నిలబడే చోటు అదే. దుప్పి తల మీద చెట్టు మొలిస్తే దిద్దకండి, ఎందుకు మొలిచిందో అడగండి. బొగ్గు లారీకి కాళ్లొస్తే, డోజరుకు కోరలొస్తే రానివ్వండి. కొన్ని దేవతల రూపం బయటికి చూపకూడదని పెద్దలంటే ఆ మాట పాటించండి. ఏడాది చివర బొమ్మలన్నీ ఒక పుస్తకంగా కుట్టి బడిలో దాచండి. ఖర్చు కాగితాలదే.

యువకులారా, మీ చేతిలో ఫోను ఉంది. అవ్వ ఒంటి మీది పచ్చబొట్టును, ఇంటి గోడ మీది గీతను ఆమెను అడిగి ఫోటో తీసి దాచండి. ఆ గీతల పేర్లు రాసి పెట్టుకోండి. ఆ పేర్లు పోతే గీతలుండీ ప్రయోజనం లేదు.

జన్‌గఢ్‌ను భోపాల్ పిలిచినవాళ్లున్నారు కాబట్టి ఆయన లోకానికి తెలిశాడు. అయితే ఆ జట్టు ఊరికి రాకముందే గోడ మీద బొమ్మ ఉంది. అంతకు ముందు కథ చెప్పిన మనిషి ఉన్నాడు, ఆ కథ విన్న పిల్లవాడు ఉన్నాడు. గోదావరిఖని కాలనీల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, గోదావరికి అటూ ఇటూ ఉన్న గూడేల్లో ఆ మనిషీ ఆ పిల్లవాడూ ఇంకా ఉన్నారు. వాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టే పని మనది.